పుట్టుకతోనే దిక్కెరిగిన నీలం

దీపం మారదు, దానికి అందే కరెంటూ మారదు. దాని ముందు పట్టుకున్న పోలరాయిడ్ రేకును వేళ్ళతో మెల్లగా తిప్పుతూ పోతే చాలు, అప్పటిదాకా నిండుగా ఉన్న నీలం పలచబడుతుంది, మరికాస్త పలచబడుతుంది, తొంభై డిగ్రీలు తిరిగేసరికి ఉందా లేదా అన్నంతగా మిగులుతుంది. ఇంకా తిప్పితే అంతే నెమ్మదిగా తిరిగొస్తుంది. మామూలు బల్బు ముందు ఇదే రేకును రోజంతా తిప్పినా ఏమీ జరగదు. ఎటు తిప్పినా ఒకటే మసక. నేను మాట్లాడుతున్నది వైట్‌హెడ్, గ్రెల్, బ్రాడ్లీ అనే శాస్త్రజ్ఞులు, వారికి తోడు జర్మనీలోని బైరోయిట్ నుంచి యాండ్కె, స్ట్రోరీగల్ కలిసి చేసి 2000లో ప్రచురించిన నీలి పాలిమర్ దీపం గురించి. రేకు ఒక దిక్కుకు ఉన్నప్పుడు వచ్చే వెలుగు, అడ్డదిక్కుకు తిప్పినప్పుడు వచ్చే దానికి 25 రెట్లు. ప్రయోగశాలల వాళ్ళు దీన్ని ఒక నిష్పత్తిగా రాసుకుని ముందుకు పోతారు. నాకు మాత్రం అక్కడ ఆగి, ఆ నీలాన్ని ఒక కృతిని విన్నట్టు తీరిగ్గా ఆస్వాదించాలనిపిస్తుంది.

వెలుగును మెచ్చుకునేవాళ్ళు సాధారణంగా రంగును మెచ్చుకుంటారు, ప్రకాశాన్ని మెచ్చుకుంటారు. ఆ రెండూ కంటికి ఎదురుగా ఉన్నవి. వెలుగుకు మూడో గుణం ఒకటుంది. అది తరంగం కాబట్టి ఊగుతుంది. ఎటు ఊగుతోందన్నది దాని ధ్రువణం. సూర్యుడి నుంచి, చమురు దీపం నుంచి, ట్యూబులైటు నుంచి నేరుగా వచ్చే వెలుగులో అన్ని వైపులకూ ఊగే తరంగాలు కలగాపులగంగా ఉంటాయి. కావ్యంలో ధ్వనిని గురించి చెప్పిన ఆనందవర్ధనుడి భాషలో చెప్పాలంటే రంగూ ప్రకాశమూ వాచ్యం, అంటే పైకి చెప్పినవి; ధ్రువణం వ్యంగ్యం, అంటే లోపల సూచించినది. అది వెలుగులోనే ఉంటుంది, పైకి మాత్రం తెలియదు. దాన్ని పట్టుకోవడానికి సహృదయుడు, అంటే మర్మమెరిగిన రసికుడు, కావాలి. ఇక్కడ సహృదయుడి పని చేసేది ఆ చిన్న రేకు. 1808లో పారిస్‌లో ఎతియెన్ మాల్యూస్ అస్తమిస్తున్న సూర్యుడు లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద మెరుస్తుంటే, ఆ మెరుపును కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే కనిపించే రెండు ప్రతిబింబాలలో ఒకటి మసకబారడం గమనించాడు. అద్దం మీద పడి తిరిగొచ్చిన వెలుగు తన దిక్కును తానే బయటపెట్టుకుందన్నమాట. ప్రతిరోజూ అన్ని ఊళ్ళ కిటికీల మీదా జరిగేదే అది. చూడవలసిన విధంగా చూసిన కన్ను మాత్రం ఆ సాయంత్రం దాకా దొరకలేదు.

మాల్యూస్ తర్వాత ధ్రువిత కాంతి కావాలంటే మనుషులు ఎంచుకున్న దారి ఎక్కువగా ఒకటే: ఉన్న వెలుగులోంచి అక్కరలేనిది తీసేయడం. అమెరికాలో ఎడ్విన్ లాండ్ 1938లో చేసిన పోలరాయిడ్ రేకు దీనికి శిఖరం. పాలీవినైల్ ఆల్కహాల్ అనే ప్లాస్టిక్‌ను ఒక దిక్కుకు సాగదీసి, అయోడిన్ పట్టిస్తాడు. సాగిన గొలుసుల వెంట అయోడిన్ వరుస కడుతుంది. ఆ వరుసకు సమాంతరంగా ఊగే వెలుగు అందులోనే ఇంకిపోతుంది, అడ్డంగా ఊగేది దాటిపోతుంది. ఎంత సుళువైన పని, ఎంత చక్కటి ఫలితం! అయినా ఈ పద్ధతిలో ఒక నిర్దయ ఉంది. రేకు ఎంత నిర్దోషమైనదైనా వచ్చిన వెలుగులో సగం పోవాల్సిందే. ఎల్‌సీడీ తెర వెనుక వెలిగే దీపం ముందు మొట్టమొదట ఉండేది ఈ రేకే. ఆ తర్వాత రంగుల వడపోతలు వగైరా అన్నీ దాటుకుని కంటిదాకా వచ్చేది, వెనుక పుట్టిన వెలుగులో పదో వంతు కన్నా తక్కువే. పుట్టిన వెలుగును చంపి దిక్కు సంపాదించడం నాకెప్పుడూ రుచించలేదు.

నీలి పాలిమర్ దీపం ఎంచుకున్నది రెండో దారి. వెలుగు పుట్టే చోటునే ఒక దిక్కుకు సర్ది పెడితే, వెలుగు ఆ దిక్కుతోనే పుడుతుంది. తర్వాత తీసేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఈ దీపపు రసమంతా ఈ ఒక్క మాటలోనే ఉందని నా నమ్మకం.

ఇది ఎందుకు సాధ్యమైందో తెలియాలంటే 1990కి, కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు వెళ్ళాలి. అప్పటికి మూడేళ్ళ ముందే కొడాక్ కంపెనీలో టాంగ్, వాన్ స్లైక్ చిన్న సేంద్రియ అణువుల పలచటి పొరలతో దీపం వెలిగించి చూపించారు. కేంబ్రిడ్జి వాళ్ళ చేతిలో ఉన్నది పాలిమర్, అంటే పొడుగాటి గొలుసులాంటి అణువు: పీపీవీ అని పొట్టిగా పిలిచే పాలీ పారా ఫినైలీన్ వినైలీన్. జెరెమీ బరోస్, డోనల్ బ్రాడ్లీ, రిచర్డ్ ఫ్రెండ్, రసాయన శాస్త్రం వైపు నుంచి ఆండ్రూ హోమ్స్, వారి సహచరులు దాన్ని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలచటి పూతగా పూసి కరెంటు ఇస్తే పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ వెలుగు వచ్చింది. ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండో వైపు నుంచి ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు బయలుదేరి, పాలిమర్ గొలుసు మీద ఎక్కడో ఒకచోట కలుసుకుంటాయి. కలిసిన ఆ జంటను ఎక్సైటాన్ అంటారు. అది శమించేటప్పుడు వెలుగు పుడుతుంది.

గొలుసు అన్నానే, కథ అంతా అందులో ఉంది. గొలుసు పొడుగునా కార్బన్ల మధ్య ఒంటి బంధం, జంట బంధం మారి మారి వస్తాయి. వాటి మీద ఎలక్ట్రాన్లు గొలుసు వెంట ఇటూ అటూ కదలగలవు, అడ్డంగా కదలలేవు. అందుకని ఎక్సైటాన్ శమించినప్పుడు విద్యుదావేశం ఊగేది దాదాపుగా గొలుసు వెంటే. పుట్టే వెలుగూ ఆ దిక్కుకే ఊగుతుంది. అంటే పీపీవీలో ప్రతి ముక్కా విడిగా చూస్తే ధ్రువిత కాంతినే ఇస్తోంది. మరి 1990 నాటి దీపం మామూలు దీపంలాగే ఎందుకు కనిపించింది? తిరిగే పళ్ళెం మీద ద్రావణం పోసి పూత పూసినప్పుడు గొలుసులు గాజు తలానికి సమాంతరంగా పడుకుంటాయి గానీ ఒక్కొక్కటి ఒక్కో వైపుకు పడుకుంటుంది. ఎవరి దిక్కు వారిది, మొత్తానికి ఏ దిక్కూ లేదు. అణువు స్థాయిలో అంత నియమంగా ఉన్నది పూత స్థాయికి వచ్చేసరికి పూర్తిగా చెదిరిపోయింది. శిల్పం అక్కడే ఉంది, దాన్ని బయటికి తీయాలంతే.

ఆ పని మొదట చేసి చూపించినవాళ్ళు స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో ఓలె ఇంగనాస్ బృందం, 1995లో. వాళ్ళు పాలీథయోఫీన్ పూతను పాలీఎథిలీన్ పొరతో పాటు సాగదీసి, ఆ సాగిన పూతను దీపంలోకి ఎత్తి పెట్టారు. ఒక దిక్కు వెలుగు రెండో దిక్కుదానికి రెండు రెట్ల కన్నా కాస్త ఎక్కువ. అంకె చిన్నదే. అయినా ఆ ప్రయోగంలో నాకు కనిపించే అందం వేరు: లాండ్ కూడా ప్లాస్టిక్‌ను సాగదీశాడు, వీళ్ళూ సాగదీశారు. అతని గొలుసులు తమ దిక్కున ఊగే వెలుగును మింగాయి, వీళ్ళ గొలుసులు అదే దిక్కున వెలుగును కన్నాయి. ఒకే చేష్టకు రెండు వ్యతిరేక ఫలాలు. జర్మనీలో మైన్జ్‌లోని మాక్స్ ప్లాంక్ పాలిమర్ పరిశోధన సంస్థవాళ్ళు 1996లో మరో మార్గం తొక్కారు: గట్టి కడ్డీల్లాంటి పాలిమర్ అణువులను నీటి ఉపరితలం మీద పరిచి, గాజును నీళ్ళలో ముంచి తీస్తూ ఒక్కొక్క అణువు మందాన పొర మీద పొర ఎక్కించారు. ఇంకొందరు వేడి చేసిన టెఫ్లాన్ దిమ్మను గాజు మీద ఒత్తి లాగి, అది వదిలి వెళ్ళిన సన్నని చారల వెంట పాలిమర్‌ను పేర్చారు. ఇవన్నీ తెలివైనవే. కొన్నిట్లో శ్రమ కనిపిస్తుంది; కళలో శ్రమ కనిపించకూడదంటారు, దీపంలోనూ అంతే.

రుద్దడం అనే పద్ధతికి మాత్రం ఒక గాంభీర్యం ఉంది. గాజు మీద పూసిన పాలిమర్ పొరను మెత్తటి బట్ట చుట్టిన రోలరుతో ఒకే దిక్కుకు రుద్దుతారు. చేనేత పేటల్లో వీధి పొడుగునా పడుగు చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఒకే వైపుకు దువ్వుకుంటూ పోతారు చూశారా, పోగులన్నీ ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా, తిన్నగా పడుకోవడానికి? పని అదే, పోగులే కంటికి ఆననివి. రుద్దిన తలం మీద ద్రవస్ఫటికం పోస్తే దాని అణువులన్నీ రుద్దిన దిక్కుకే ఒద్దికగా పడుకుంటాయి. ఫ్రాన్స్‌లో మోగాన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గమనించిన సంగతి ఇది. ద్రవస్ఫటికాలతో తెరలు చేసే ఎల్‌సీడీ పరిశ్రమ మొత్తం దశాబ్దాల పాటు ఈ బట్ట రుద్దుడు మీదే నిలబడింది. కోట్ల ట్రాన్సిస్టర్లు కొలువుదీరిన కర్మాగారంలో గుడ్డ పెట్టి రుద్దే అంచె ఒకటి ఉండటం నాకు భలే ఇష్టం.

ఇప్పుడు పాలీఫ్లోరీన్ రంగప్రవేశం. 1997లో షెఫీల్డ్‌లో ఉన్న గ్రెల్, బ్రాడ్లీ, డౌ కెమికల్ కంపెనీకి చెందిన ఇన్బశేఖరన్, వూ కలిసి ఈ పాలిమర్ గుణం ఒకటి బయటపెట్టారు. దీని వెన్నెముక గట్టిది, నిటారుది. ప్రతి ఫ్లోరీన్ భాగంలో తొమ్మిదో కార్బన్ దగ్గర ఎనిమిదేసి కార్బన్ల తోకలు రెండు వేలాడుతుంటాయి. ఆ తోకల వల్లే అది ద్రావణాల్లో కరుగుతుంది, ఆ తోకల వల్లే వేడికి మెత్తబడుతుంది. 170 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల అది ద్రవస్ఫటికంగా మారుతుంది. అంటే పారుతుంది గానీ, పారుతూనే గొలుసులన్నీ ఒకే వైపుకు తిరిగి నిలబడగలవు. రుద్దిన పొర మీద దాన్ని పూసి, వేడి చేసి, గొలుసులకు తమంతట తాము సర్దుకునే వ్యవధి ఇచ్చి, ఆపైన చప్పున చల్లారిస్తే, ఆ అమరిక అలాగే గాజులా గడ్డకట్టుకుపోతుంది. ఇక్కడ ఎవరూ సాగదీయలేదు, లాగలేదు. కింద ఒక సూచన ఇచ్చారు, పైన ఉన్నది దాన్ని గ్రహించింది. లిన్‌షోపింగ్ పద్ధతికీ దీనికీ మధ్య తేడా నా దృష్టిలో అంకెల్లో కన్నా ఈ సౌకుమార్యంలో ఎక్కువ. పైగా పాలీఫ్లోరీన్ ఇచ్చేది నీలం. పాలిమర్లలో మంచి నీలం దొరకడం ఎంత కష్టమో ఆ రంగం వాళ్ళందరికీ తెలుసు.

చిక్కు ఒకటి వచ్చి పడింది. ఎల్‌సీడీలలో రుద్దడానికి వాడే పాలీఇమైడ్ కరెంటును పోనివ్వదు. ఎల్‌సీడీకి దాంతో పేచీ లేదు, దానికి విద్యుత్ క్షేత్రం చాలు, ప్రవాహం అక్కర్లేదు. దీపం సంగతి అలా కాదు; ఆ పొరలోంచే ఖాళీలు పైకి రావాలి. దారి చూపే పొరే దారికి అడ్డంగా కూర్చుంది. గ్రెల్, నేహర్, షెర్ఫ్ తదితరులు 1999లో పాలీఇమైడ్‌లోకి ఖాళీలను మోసుకుపోయే అణువులను కలిపి, ఆ మిశ్రమాన్నే రుద్ది, నీలంలో 15 రెట్ల నిష్పత్తి సాధించారు. మంచి ఉపాయమే, కొంచెం రాజీ వాసన ఉన్నా. మొదట్లో చెప్పిన 2000 నాటి దీపం ఈ ముడిని విప్పిన తీరు మాత్రం ఔచిత్యానికి పరాకాష్ఠ. బైరోయిట్ వాళ్ళు అంతకు ముందే పీపీవీని రుద్ది, దాని నుంచే ధ్రువిత కాంతిని రాబట్టిన అనుభవజ్ఞులు. ఆ రుద్దిన పీపీవీనే కింద పొరగా వేశారు. అది ఖాళీలను మోస్తుంది, రుద్దితే దిక్కూ చూపిస్తుంది. ఒకే పొర రెండు పనులూ చేసింది, ఏదీ అదనంగా అతికించినట్టు లేదు.

ఆ పీపీవీ ఎవరో గుర్తుంది కదా, 1990లో కావెండిష్‌లో తొలిసారి వెలిగి ప్రపంచాన్ని తన వైపు తిప్పుకున్నది. పదేళ్ళు తిరిగేసరికి అది అడుగు పొరగా వెళ్ళి, తర్వాతి తరం పాలిమర్‌కు దిక్కు చూపుతూ పడుకుంది. ఈ వరుసను ఎవరూ కావాలని కూర్చలేదు, అవసరం కూర్చింది. అందుకే అది అంత సహజంగా అమరింది. రెండు దీపాల మీదా ఉన్న పేరు బ్రాడ్లీది. ఆయన ఈ పోలికను గమనించి ఉంటాడా, లేక తర్వాతి కొలతకు పరికరం సర్దుకుంటూ ఉండిపోయాడా అని ఆలోచిస్తుంటాను.

25 అనే అంకెను కాస్త విప్పి చూడాలి. మొత్తం వెలుగును 26 పాళ్ళనుకుంటే 25 పాళ్ళు ఒక దిక్కున, ఒక పాలు అడ్డదిక్కున. దీని ముందు కూడా చివరికి ఒక పోలరాయిడ్ రేకు పెట్టక తప్పదు, ఎందుకంటే మంచి ఎల్‌సీడీ రేకుల నిష్పత్తి వందల్లోనూ వేలల్లోనూ ఉంటుంది. దాని సరసన 25 చిన్నదే. తేడా ఏమిటంటే ఆ రేకు ఇక సగం తినేయదు, నాలుగు శాతం చుట్టుపక్కల తీసుకుని వదిలేస్తుంది. మిగిలిన ఆ ఒక్క పాలు ఎక్కడిది? కొన్ని గొలుసులు సరిగా సర్దుకోలేదు, కొన్ని చోట్ల వంగాయి, పైగా గొలుసు అక్షానికీ వెలుగు ఊగే దిక్కుకూ మధ్య స్వభావతః కొద్దిపాటి వంకర ఉంది. ఆ చివరిదాన్ని ఎంత రుద్దినా తీయలేం.

పొగిడింది చాలు, దోషమూ చెప్పాలి. పాలీఫ్లోరీన్‌ను గొలుసులు సర్దుకునే దాకా వేడి చేయాలి, ఆ వేడిలో ఆక్సిజన్ జాడ ఉంటే తొమ్మిదో కార్బన్ దగ్గర కీటోన్ అనే లోపం ఏర్పడుతుంది. అప్పుడు శుద్ధమైన నీలంలోకి ఆకుపచ్చ చొరబడుతుంది. ఈ ఆకుపచ్చకు కారణం ఏమిటన్నది కొంతకాలం వాదనల్లో నలిగింది. గొలుసులు ఒకదానికొకటి మరీ దగ్గరై గుమికూడటం వల్లనే అన్నారు చాలామంది. 2002లో లిస్ట్, షెర్ఫ్ బృందం కీటోన్ లోపాల వైపు బలంగా వేలు చూపించింది. అమరికను ఇచ్చే వేడే రంగును చెడగొట్టే వేడి కూడా. ఇలాంటి ఇరకాటాన్ని మన కావ్యశాస్త్రం ఎందుకు ఊహించలేదో! అన్నిటికీ మించి ఈ దీపం బజారుకు రాలేదు. ఎల్‌సీడీల వెనుక గట్టి సెమీకండక్టర్ ఎల్‌ఈడీలు కూర్చున్నాయి. తప్పు దిక్కున వచ్చిన వెలుగును మింగకుండా వెనక్కి పంపి, కలగలిపి మళ్ళీ ముందుకు తెచ్చే ప్రతిఫలన పొరలు వాటికి తోడయ్యాయి. నష్టాన్ని తగ్గించే పని అవి చవగ్గా చేసేశాయి. వ్యాపారంగా అది సబబే. ఆ పొరలను నేను మెచ్చుకుంటాను, మోహించను.

ఒక మాట మధ్యలో. ధ్రువణం మనిషి కంటికి బొత్తిగా తెలియదని పైన అన్నట్టే అన్నాను గానీ లేశమాత్రం తెలుస్తుంది. 1844లో ఆస్ట్రియా ఖనిజ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ హైడింగర్ ధ్రువిత కాంతిని చూస్తున్నప్పుడు చూపు నడిమధ్యన పసుపుపచ్చటి చిన్న కుంచె ఆకారం ఒకటి తేలడం కనిపెట్టాడు. మన కంటి తెర నడుమ ఉన్న పసుపు వర్ణద్రవ్యం ఒక క్రమంలో అమరి ఉండి, ఒక దిక్కున ఊగే నీలాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే ఆ కుంచె నీలి వెలుగులో స్ఫుటంగా కనిపిస్తుంది. పాలీఫ్లోరీన్ ఇచ్చేది ఆ కోవకు చెందిన నీలమే. ఇలా కంటిలోపలా ఒక అమరిక, దీపంలోపలా ఒక అమరిక, మధ్యలో గాలి.

ఇంతదాకా వెలుగు ఒక గీత వెంట ఊగింది. అది తిరుగుతూ కూడా రాగలదు, కుడికి గానీ ఎడమకు గానీ. దాన్ని వృత్త ధ్రువణం అంటారు. ఆ తిరుగుడు ఉత్త బొమ్మ కాదని, వెలుగు కణమైన ఫోటాన్‌కు నిజంగానే స్పిన్ ఉందని ప్రయోగంతో చూపుతున్నామని 1931లో కలకత్తా నుంచి ప్రకటించినవారు సి.వి. రామన్, ఆయన శిష్యుడు సూరి భగవంతం. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన భగవంతానికి అప్పుడు నిండా పాతికేళ్ళు కూడా లేవు. నేటి ఓఎల్‌ఈడీ ఫోన్లకు, అంటే సేంద్రియ దీపాలతో చేసిన తెరలున్నవాటికి, ఈ తిరుగుడు చాలా ముఖ్యం. ఫోను లోపలి లోహపు ఎలక్ట్రోడ్ అద్దంలా మెరిసి ఎండలో బొమ్మను చెడగొడుతుందని, పైన వృత్త ధ్రువణ రేకు ఒకటి అతికిస్తారు. బయటి వెలుగు కుడికి తిరుగుతూ లోపలికి పోతే, అద్దం మీద పడి ఎడమకు తిరుగుతూ వస్తుంది, రేకు దాన్ని బయటికి రానివ్వదు. ఆ రేకే ఫోను సొంత వెలుగులో సగాన్నీ మింగుతుంది. అందుకని పుట్టుకతోనే సరైన వైపుకు తిరిగే వెలుగు కోసం ఇప్పుడు వెతుకులాట.

1997లో ఐన్‌దోవెన్‌లో మైయర్, యాన్సెన్ బృందం కుడి ఎడమల తేడా ఉన్న తోకలు తగిలించిన పీపీవీతో తొలి ప్రయత్నం చేసింది. కుడి, ఎడమ మధ్య తేడా వెయ్యింట ఒకటి రెండు పాళ్ళ స్థాయిలోనే వచ్చింది. 2013లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఫుక్టర్, క్యాంప్‌బెల్ తదితరులు పాలీఫ్లోరీన్ కుటుంబానికే చెందిన పసుపుపచ్చటి పాలిమర్‌లో హెలిసీన్ అనే మెలిక అణువును కలిపి చూశారు. పాలిమర్‌కు స్వతహాగా కుడీ ఎడమా లేదు. మెలిక కుడిదైతే వెలుగు ఒక వైపుకు, ఎడమదైతే రెండో వైపుకు తిరిగింది. తేడా ఇక వెయ్యింట పాళ్ళలో వెతుక్కునేది కాదు, పదింట పాళ్ళ స్థాయికి వచ్చేసింది. చిటికెడు అతిథి మొత్తం గుంపు పోకడను మార్చడం చూడముచ్చటే.

అయినా నా మనసు పూర్తిగా ఇటు తిరగలేదు. ఈ దీపాల్లో వెలుగు ఆ మెలికతో పుడుతోందా, లేక మెలిక ఉన్న పూతలోంచి ప్రయాణిస్తూ దాన్ని సంపాదించుకుంటోందా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య పెద్ద చర్చ. జవాబు పూత మందాన్ని బట్టీ పదార్థాన్ని బట్టీ మారుతోంది. మరో తిరకాసు వెనుక ఉన్న లోహపు ఎలక్ట్రోడ్. దీపంలో పుట్టిన వెలుగులో ముందుకు వచ్చేది కొంతే, మిగతాది వెనక్కి పోయి లోహం మీద పడి తిరిగొస్తుంది. గీత వెంట ఊగే వెలుగు అద్దం మీద నిట్టనిలువుగా పడి తిరిగొచ్చినా అదే గీత వెంట ఊగుతుంది. తిరిగే వెలుగు మాత్రం కుడిది ఎడమై వస్తుంది, తిన్నగా ముందుకు వచ్చిన తన తోటిదాన్నే రద్దు చేస్తుంది. ఎక్సైటాన్లు లోహానికి ఎంత దూరంలో శమిస్తున్నాయి, వెనుకనున్న లోహాన్ని పారదర్శకం చేస్తే ఎంత దక్కుతుంది అన్న లెక్కలతో ఈ రంగంలోని బృందాలు ఇప్పుడు కుస్తీ పడుతున్నాయి.